పడుకోబెట్టాల్సిన సీసాలు

సీసాను నిలబెట్టినవాణ్ని లక్క తాత జన్మలో క్షమించేవాడు కాదు. పడుకోబెడితేనే వైన్ తగిలి బిరడా తడిగా ఉంటుంది. నిలబెడితే ఎండి సందు విడుస్తుంది, గాలి దూరుతుంది, ఏళ్ల తరబడి దాచిన రుచి కాస్తా పులుపెక్కి చస్తుంది. "మనిషికి గాలి అందకపోతే చావు, దీనికి తగిలితే చావు" అనేవాడు. ఇంట్లో అందరి మీదా ఒంటికాలి మీద లేచే మనిషి, నేలమాళిగలో మాత్రం పిల్లిలా నడిచేవాడు. ప్రతి బిరడా మీదా వేడి లక్క పోసి, కుడి బొటనవేలితో నొక్కేవాడు. చివర తెగిన వేలు అది. దాని ముద్రలో రేఖలుండవు, అడ్డంగా ఒక మచ్చ తప్ప.

లోపలి చల్లదనం పోకూడదని, మాళిగ తలుపు తెరిచి కనిపిస్తే చాలు, ఆ దారిన పోయేవాళ్లు మూసి గడియ పెట్టేసేవాళ్లు. ఆ ఇంట్లో అందరి చేతులకూ అబ్బిన అలవాటది. కిందటేడు ఆయన లోపలుండగానే ఎవరో పెట్టేశారు. ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. తొట్లలో కొత్త ద్రాక్షరసం పులిసి పొంగే రోజులు. దాన్నుంచి లేచే చెడుగాలి నేలబారున పేరుకుంటుంది. సీసాల వరసల మధ్య ఆయన ఊపిరాగి, పడుకుని కనిపించాడు. మర్నాడే ఆయన భార్య ఆ గడియ ఊడబీకించింది.

ఈ ఏడు మళ్లీ తొట్లు పొంగుతున్నాయి. ఆయన చివరగా బిగించిన వరసలో సీసాలు కారుతున్నాయేమోనని పెద్దకూతురికి అనుమానం. మధ్యాహ్నం భోజనం కాగానే లేచింది.

"ఇవాళ వద్దే. తొట్లు కాస్త చల్లారనీ" అంది తల్లి.

"నాన్న చేతి వరసమ్మా అది, చూస్తూ చూస్తూ పాడవనిస్తామా? కొవ్వొత్తి మోకాలి దగ్గరే పట్టుకుంటాను. మంట తగ్గిందంటే పరుగెత్తుకొచ్చేస్తాను, సరేనా?"

లక్క గిన్నె తీసుకెళ్లలేదు. ముందు చూసి వద్దామనుకుంది.

మెట్ల కింద చీకటి చల్లగా ఉంది. తడిసిన చెక్క వాసన, పులిసిన ద్రాక్ష వాసన. పక్క గదిలో తొట్లు గుబగుబమంటున్నాయి. ఆఖరి వరస చేరేసరికి ఇంకో వాసన తగిలింది. కాగిన లక్క.

కొవ్వొత్తి వంచి చూసింది. అడుగు వరసలో సీసాలు పక్కకు జరిగి ఉన్నాయి. మధ్యలో ఖాళీ. కొత్త గడ్డి పరిచి ఉంది. పొడుగ్గా... సరిగ్గా ఆమె పడుకుంటే పట్టేంత.

మంట ముడుచుకుంది. ఆరిపోయింది.

"పడుకో, తల్లీ..."

ఆ గొంతు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు జ్వరమొస్తే తల నిమిరిన గొంతు.

"నాన్నా..."

"నిలబడితే ఎండిపోతావు... పాడైపోతావు... పడుకో."

మోకాళ్లు వాటంతటవే వంగాయి. తల దిమ్మెక్కింది. పడుకోవాలని ఎంత ఆశగా ఉందో! ఆ ఆశే ఆమెను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. వంగితే చావే. గోడ పట్టుకుని లేచింది. మెట్టు... ఇంకో మెట్టు... వెనక గడ్డి మీద అడుగుల చప్పుడు. పిల్లి నడిచినట్టు.

తలుపు మూసి ఉంది.

తోసింది. కదల్లేదు. గడియే లేని తలుపు! అమ్మా అని అరవబోయింది. పెదాలు విడిపడలేదు. పిడికిళ్లతో బాదింది, కాలితో తన్నింది. ఊపిరందక కళ్లు బైర్లు కమ్మాయి.

తలుపు తెరుచుకుంది. తల్లి చేతుల్లో పడింది.

"ఎవరు మూశారే? నేనిక్కడే కూర్చున్నాను, ఎవరూ రాలేదే! మాట్లాడవేం? ఆ మూతికేమిటే..."

తల్లి ఆమె పెదాల మీంచి ఎర్రటి పెచ్చు ఊడదీసింది. లక్క. ఇంకా వెచ్చగానే ఉంది. వెలుగులోకి తిప్పి చూసింది.

రేఖల్లేని నున్నటి గుంట. అడ్డంగా ఒక మచ్చ.