శనగలు నమిలిన శవం

శిముల్‌డాంగా శ్మశానం మీదుగా చీకటి పడ్డాక పోవాల్సి వస్తే, మా ఊళ్ళో మగాళ్ళు కూడా దారి వదిలేసి కోపాయి ఏట్లోకి దిగి, మోకాళ్ళలోతు నీళ్ళలో చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. పంచె తడిస్తే తడిసింది, ప్రాణం పొడిగా ఉంటే చాలని.

అక్కడ బూరుగుచెట్టు కింద ఒక మట్టి గుడిసె. అందులో ఖేపీమా అనే భైరవి, తంత్రసాధన చేసే సన్యాసిని. ఎర్ర చీర, జడలు కట్టిన తెల్ల జుట్టు, గుమ్మం పక్కన సిందూరం పూసిన పుర్రె. ఆమె సంగతులు మావాళ్ళకి తెలియనివి లేవు, అన్నీ చూడకుండా తెలిసినవే. మగాళ్ళని గొర్రెల్ని చేస్తుందట. అమావాస్య రాత్రి శవం వీపు మీదెక్కి మంత్రం చదువుతుందట. శవం నోరు తెరిచి తననే మింగబోతే, దాని నోట్లో వేయించిన శనగలు కుక్కి, సారా పోస్తుందట...

ఈ శనగల సంగతి కళ్ళారా చూశానని, తన గీతకత్తి మీద ఒట్టేసి మరీ చెప్పినవాడు నిబారణ్. ఈతచెట్లు గీసి బెల్లం వండే మనిషి. అతని పెళ్ళాం తరుబాల నాకు వరసకి అమ్మమ్మ. ఖేపీమా కాలం చేశాక గానీ ఆవిడ నోరు విప్పలేదు. బఠాణీలు ఒలుస్తూ చెప్పిందే ఇదంతా. నేను కలిపింది తక్కువ.

అప్పటికి తరుబాలకి పెళ్ళయి అయిదు నెలలు. రెండు అమావాస్యలుగా నడిరాత్రి మెలకువ వస్తే పక్కలో మొగుడు లేడు. తెల్లవారుజామున వస్తాడు, ఒంటినిండా ఆవనూనె వాసనతో. అడిగితే "చెట్లు చూసొచ్చా" అంటాడు. అమావాస్య చీకట్లో ఏం చెట్లు?

చెరువు దగ్గర ఆ మాట నోరు జారితే బిందు వదిన పట్టేసుకుంది. "శ్మశానానికే పోతున్నాడే! వీపు తడిమి చూడు, ఉన్ని మొలిచిందేమో!"

అందరితో పాటు తరుబాల కూడా నవ్వింది. కానీ ఆ రాత్రి మొగుడు నిద్రపోయాక దీపం దగ్గరగా పెట్టి, అతని చెవులు రెండూ చూసుకుందట. మనిషి చెవులే. హమ్మయ్య అనుకుని ఏడ్చేసిందట కూడా. మొగుడంటే అంత ప్రాణం ఆవిడకి.

మూడో అమావాస్య వచ్చింది. దుర్గాపూజకి ముందు వచ్చేది, చనిపోయిన పెద్దలు నీళ్ళ కోసం దిగివస్తారంటారే, ఆ అమావాస్య. నిబారణ్ లేచాడు. తలుపు కిర్రుమంది. తరుబాల చేతికందింది చేపలు తరిగే కత్తిపీట... దాన్నే చంకన పెట్టుకుని వెనకాలే బయల్దేరింది.

ఏటిగట్టు నిండా రెల్లు పూసి ఉంది. చీకట్లో తెల్లగా, గాలి లేకపోయినా ఊగుతోంది. ముందు వెళ్తున్న అడుగుల చప్పుడు బూరుగుచెట్టు దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఏమీ లేదు — నక్క కూత కూడా.

తరుబాల రెల్లు పక్కకి తప్పించి చూసింది.

గుడిసె ముందు దీపం. నేల మీద ఎవరో బోర్లా పడున్నారు. కదలడం లేదు. ఆ వీపు మీద... జుట్టు విరబోసుకుని... ఖేపీమా నిలబడి ఉంది. పక్కన సీసా. ఆకులో శనగలు.

ఖేపీమా వంగింది. గుప్పెడు శనగలు తీసి ఆ నోట్లో కుక్కింది.

కరకర... కరకర...

శవం నములుతోంది.

తరుబాల కళ్ళు ఆ శవం లుంగీ మీద పడ్డాయి. పచ్చగళ్ళ లుంగీ. వెనకాల ఎర్రగుడ్డ మాసిక. ఆ మాసిక మొన్న తను వేసిందే!

ఊరు ఊరంతా ఉలిక్కిపడేలా కేక పెట్టి, కత్తిపీట ఎత్తి దూకింది. "నా మొగుణ్ణి నాకిచ్చెయ్యవే రాక్షసీ! గొర్రెగా అయినా సరే, ఇచ్చెయ్!"

శవం తలెత్తింది. బుగ్గల నిండా శనగలు. "తరూ? నువ్వా? ఇంటికి గడియ పెట్టొచ్చావా?"

తరుబాల అక్కడే చతికిలబడింది.

"ఆ కత్తిపీట కింద పెట్టు తల్లీ," అంది ఖేపీమా, అతని వీపు దిగుతూ. "కాలు తెగితే నా దగ్గర మందు లేదు. నాకు తెలిసిందల్లా నడుమే."

నిబారణ్ నసిగాడు. "ఆషాఢంలో తాటిచెట్టు మీంచి జారానే. నడుం పట్టేసింది. ఆ మాట బయటికి పొక్కితే చెట్ల ఆసామి మండల్ బాబు ఈ ఏడు ఈతచెట్లు ఇంకొకడికిచ్చేస్తాడు. ఖేపీమా ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి కదా, మూడు అమావాస్యలు తొక్కించుకుంటే..."

"నాతో చెప్పొచ్చుగా!"

"నీతో చెబితే చెరువుతో చెప్పినట్టే."

వీపు మీద ఒక్కటి చరిచింది తరుబాల. అతను కుయ్యిమనబోతే ఖేపీమా చటుక్కున ఇంకో గుప్పెడు శనగలు నోట్లో పెట్టింది. "వీటి పని ఇదే. లేకపోతే వీడి అరుపులకి ఊరంతా ఇక్కడుండేది."

సీసాలో ఉన్నది వెల్లుల్లి వేసి కాచిన ఆవనూనె.

"మరి ఆ పుర్రె?"

"మా గురువుగారిది. పొద్దున్నే దణ్ణం పెట్టుకుని జపానికి కూర్చుంటా. అంతకుమించి దాంతో నాకేం పని?"

తరుబాలకి సిగ్గుతో పాటు కోపం కూడా వచ్చింది. "ఇంత మంచిదాన్ని పట్టుకుని శవం, సారా అని చాటింది నీ నోరేగా!" అని మొగుడి మీద విరుచుకుపడింది. "రేపే చెరువు దగ్గర అందరికీ అసలు సంగతి చెప్పేస్తా!"

"వద్దమ్మా," అంది ఖేపీమా. మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. "ఆ కథ చెప్పమన్నది నేనే. నడుం తొక్కినందుకు వీడి దగ్గర నేను తీసుకున్నది అదొక్కటే."

గుడిసె తలుపు చూపించింది. తలుపు కాదు, తాటాకు తడిక. "ఈ వానాకాలం మొదట్లో ఇద్దరు తాగొచ్చి దీన్ని తోశారు. తెల్లారేదాకా త్రిశూలం పట్టుకుని కూర్చున్నా. నలభై ఏళ్ళుగా ఇక్కడుంటున్నా తల్లీ, చచ్చినవాడెవడూ నా జోలికి రాలేదు. వీడు ఆ కథ చెప్పాకే రాత్రుళ్ళు కాస్త కునుకు పడుతోంది."

తెల్లారి చెరువు దగ్గర కాలు పెట్టే చోటు లేదు. రాత్రి కేక అందరూ విన్నారు. గొంతెవరిదో కూడా పోల్చుకున్నారు.

"ఏం చూశావే తరూ?" బిందు వదిన బట్టలుతకడం ఆపేసింది.

నిజం నోటిదాకా వచ్చిందట. అంతలో ఆ తాటాకు తడిక గుర్తొచ్చింది. తరుబాల బిందె కింద పెట్టి, మొహం కడుక్కుని, మెల్లగా అంది — "చూశా వదినా. ఇంత దూరంలో... శవం లేచి కూర్చుంది."

"అమ్మో! కూర్చుని?"

"శనగలన్నీ తినేసి... వీటికి ఉప్పేదీ అని అడిగింది."

ఆ సాయంత్రం పొద్దుండగానే బిందు వదిన పరుగున వెళ్ళి, బూరుగుచెట్టు మొదట్లో ఒక పొట్లం పెట్టి, వెనక్కి చూడకుండా పరుగున వచ్చేసింది. మర్నాడు ఇంకో ఇద్దరు పెట్టారు. బతికినన్నాళ్ళూ ఖేపీమా ఉప్పు కొనుక్కోలేదు.