కాపీల గదిలో గొంతు

ఆ ఆఫీసులో చీకటి పడ్డాక కాపీల గది వైపు ఎవరూ వెళ్లరు. మెట్ల కింద, కిటికీ లేని గది అది. అక్కడే పనిచేస్తూ చచ్చిపోయిన పాత మెకానిక్ ఒకడు ఇంకా ఆ గది వదలలేదని, రాత్రిళ్లు లోపల్నుంచి తలుపు కొడతాడని చెప్పుకుంటారు. తన గొంతుతో పిలవడట — మనకు బాగా తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తాడట. తలుపు తీశామా... అంతే సంగతులు.

ఆ దెయ్యాన్ని పుట్టించింది మా అన్నయ్యే. పాత మెకానిక్కూ లేడు, ఎవడూ చావలేదు.

అన్నయ్య కాపీ మిషన్లు బాగుచేస్తాడు. పెద్ద మిషన్ల పక్కన ఫినిషర్ అని ఇంకో పెట్టె ఉంటుంది. కాగితాలు సర్ది, పిన్ను కొట్టి, ట్రేలో పేర్చేది అదే. దాని లోపలంతా చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ కొక్కేలు. వేడికి పెళుసెక్కిపోయి, గట్టిగా తుమ్మితే విరిగేలా ఉంటాయి. ఆ ఆఫీసులో ఉన్న పాత మిషన్‌కి కొత్తవి దొరకవు. అందుకని అన్నయ్య విరిగిన ముక్కలు దగ్గరపెట్టి, సన్నటి తీగ కాల్చి వాటిలోకి దించి, పైన జిగురు పూసేవాడు. అది గట్టిపడాలంటే రాత్రంతా ఎవరూ కదపకూడదు.

ఆఫీసు వాళ్లు ఆగితేగా. ఒక్క కాపీయే కదా అని మూత లాగడం, ముక్క మళ్లీ రెండవడం, తిట్లు మాత్రం అన్నయ్యకి. చెప్పి చెప్పి నోరు పడిపోయి, చివరికి ఈ దెయ్యాన్ని వదిలాడు. మర్నాటి నుంచి చీకటి పడితే ఆ ఛాయలకి పిట్ట కూడా రాలేదు. ఇంటికొచ్చి అదంతా చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాడు. మేమూ నవ్వాం.

అందరికంటే గట్టిగా నమ్మింది ఆ ఆఫీసు రాత్రి కాపలావాడు — మా వదిన సొంత తమ్ముడు. పాపం, వాడికైనా నిజం చెప్పు అన్నయ్యా అన్నాను. వాడికి చెబితే ఊరంతటికీ చాటింపు వేసినట్టే అన్నాడు. అసలు సంగతి అది కాదు. వాణ్ణి ఏడిపించడం అన్నయ్యకి సరదా. వాడు డ్యూటీకి బయల్దేరుతుంటే, "ఎవరు పిలిచినా తియ్యకు. నా గొంతే అయినా సరే," అని రోజూ చెవిలో చెప్పి పంపేవాడు. వాడి మొహం పాలిపోతుంటే మాకు వినోదం.

ఒక రాత్రి అన్నయ్య అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. తెల్లారేసరికి మిషన్ నడవాలని పైవాళ్లు పట్టుబట్టారు. కాపలావాడు డ్యూటీ ఎక్కేటప్పటికి ఆ గది తలుపు దానంతటదే మూసుకుని ఉంది. బయట్నుంచి తెరవాలంటే తాళంచెవి కావాలి. లోపల మనిషున్నాడని వాడికి తెలీదు.

మూత తెరిస్తే మిషన్ ఆగిపోతుంది. మరి తెరిచి పెట్టి ఎలా నడుస్తుందో చూడాలంటే, మెకానిక్కులు మూత దగ్గరి స్విచ్‌లో ఒక అట్టముక్క దోపుతారు. మూత వేసే ఉందని మిషన్ అనుకుంటుంది. అన్నయ్య అట్ట దోపాడు, చూసుకున్నాడు, బాగుంది. అట్ట తియ్యడం మర్చిపోయి, అతుకు ఎలా ఉందో తడిమి చూద్దామని కుడిచెయ్యి లోపల పెట్టాడు.

మిషన్ మేలుకుంది... ట్రే పైకి లేచింది.

వేళ్లు ట్రేకీ ఇనప చట్రానికీ మధ్య పడి నలిగాయి. మోటారు మూలిగి ఆగిపోయింది. ట్రే మాత్రం కిందికి దిగలేదు. ప్లగ్గు వెనక గోడకి ఉంది, అందదు. ఫోను బల్లమీద ఉంది, అదీ అందదు. తెర మీద మాత్రం 'దయచేసి వేచి ఉండండి' అని వెలుగుతోంది.

ట్రేని పట్టి ఉంచే కొక్కెం ఒక్కటి విరిగితే చాలు, చెయ్యి బయటికొచ్చేస్తుంది. ఊరికే విరిగే ముక్క అది. పళ్లు బిగించి లాగాడు, కాలితో తన్నాడు... లోపల తనే దించిన తీగ. ఆ ఒక్క రాత్రి అది విరగలేదు.

మనిషి కదిలితేనే వెలిగే దీపాలు కాసేపటికి ఆరిపోయాయి. వేళ్లు మొద్దుబారుతున్నాయి. ఆ వేళ్లు లేకపోతే ఆ పని లేదు, ఆ పని తప్ప ఇంకోటి రాదు. ఎడమచేత్తో పెట్టెని దబదబా బాదాడు.

బయట అడుగులు... ఆగాయి.

"ఒరేయ్... నేనురా, మీ బావని. తలుపు తియ్యరా..."

తలుపవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"చెయ్యి ఇరుక్కుందిరా... నీ కాళ్లు పట్టుకుంటా."

అవతల వాడు ఫోను తీసి, ఇంట్లో నిద్రపోతున్నాడనుకుంటున్న బావకే చేశాడు, దెయ్యం వచ్చిందని చెబుదామని. గదిలో, బల్లమీద ఫోను మోగింది. గొంతుతో పాటు ఫోను మోత కూడా నేర్చిందనుకున్నాడు వాడు. పై ప్రాణాలు పైనే పోయి పరుగెత్తాడు. మోత ఆగింది. ఆ అడుగులు దూరమవుతుంటే అన్నయ్యకి కళ్లు తిరిగాయి. ఇంక తెల్లారి ఊడ్చే ఆవిడ తలుపు తీసి కేక పెట్టిందాకా ఒంటిమీద తెలివి లేదు.

ఆస్పత్రిలో మూడు వేళ్లు తీసేశారు.

వదిన తమ్ముడు మంచం పక్కన నిలబడి ఏడ్చాడు. నాకు వాణ్ణి చూస్తే ఒళ్లు మండింది. రాత్రి నీకు చెవుల్లేవా అని కడిగేశాను.

"వచ్చాను వదినా," అన్నాడు. "మనసాగక మళ్లీ వచ్చా. ఏమైతే అదయిందని తాళం కూడా తిప్పా. బావే కదా వద్దంది."

అన్నయ్య కళ్లు తెరిచాడు.

"'ఏం లేదురా, పనైపోయింది, నువ్వెళ్లి పడుకో' అన్నావుగా బావా. చక్కగా, నవ్వుతూ అన్నావు. ఇందాక ఏడ్చింది దెయ్యం, ఇప్పుడు నవ్వేది నువ్వు అనుకుని... మళ్లీ తాళం వేసేశా."

అన్నయ్య కట్టు కట్టిన చేతిని మెల్లగా దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"ఇంకా ఏమందిరా... అది?" అని అడిగాడు.