మూడో గ్లాసు

పొద్దున్నే కోడలు తెల్ల కోటు ఇస్త్రీ చేసుకుంటోంది. వేలికి కట్టు ఉంది. ముందురోజు కేటరింగ్ స్కూల్లో బస్తా ఉల్లిపాయలు తరుగుతూ కోసుకుంది. పక్కనున్న అమ్మాయి "అక్కా, రక్తం" అనేదాకా ఆమెకు తెలియనే లేదు. "వేళ్ళు మెనూలో లేవమ్మా," అన్నాడు వంట నేర్పే మాస్టారు. అందరూ నవ్వారు. తనూ నవ్వాలి కాబోలు అనుకుంది.

భర్త పోయి ఎనిమిది నెలలు. అప్పట్నుంచీ ఆమెకు ఆకలీ ఏడుపూ రెండూ రావడం లేదు. రెండో నెలలోనే కోర్సులో చేరింది. ఇంట్లో మాత్రం పొయ్యి ముట్టలేదు. స్కూల్లో మిగిలింది డబ్బాలో తెచ్చి బల్లమీద పెడితే, అత్తగారు చల్లదే తినేది.

"ఆ వేలితో ఏం వెళ్తావు? ఇవాళ మానెయ్యి," అంది అత్తగారు.

"చివరి పరీక్ష అత్తయ్యా. రెండొందల మందికి వండాలి. పాసైతేనే ఆసుపత్రి క్యాంటీన్లో ఉద్యోగం."

"రెండొందల మందికి." అంది ఆవిడ. "ముక్కూ మొహం తెలియని వాళ్ళకి వండిపెడతావు. నాకు వేడి ముద్ద పెట్టి ఎన్నాళ్ళయింది? వాడితోపాటే నేనూ పోయాననుకున్నావా?"

కోపం రావాల్సిన చోట కోడలికి ఏమీ రాలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఉన్నమాట చెప్పింది.

"గిన్నె తీస్తే చెయ్యి ముగ్గురికి బియ్యం పోసేస్తోంది అత్తయ్యా. మూడో గ్లాసు వెనక్కి తియ్యలేక మానేశాను. అక్కడైతే రెండొందల మంది. ఒకరు తగ్గినా గిన్నెకి తెలియదు."

అత్తగారు గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైంది. ఆ తర్వాత ఎంతసేపటికీ మరో చప్పుడు లేదు.

కోడలు వెళ్ళి చూసింది. గిన్నెలో రెండు గ్లాసుల బియ్యం ఉన్నాయి. నిండిన మూడో గ్లాసు పట్టుకుని ఆవిడ అలాగే నిలబడిపోయింది.

"నా చెయ్యీ ఆగలేదే," అంది.

కోడలు ఆ చేతిని తన చేత్తో పట్టుకుంది. ఇద్దరూ కలిసి గ్లాసుని మళ్ళీ డబ్బాలోకే వంచారు. గింజలన్నీ జారిపోయాయి. కోడలి చెంపలు తడిశాయి. అత్తగారు తుడవబోలేదు, ఊరుకోమనలేదు. పొయ్యి వెలిగించింది.

"టైముందా?"

"ఉంది. తినే వెళ్తాను," అంది కోడలు.