పద్నాలుగో నంబరు బఠాణీలు

"ఇదేంది? అన్ని ప్యాకెట్ల మీద పద్నాలుగని రాసినవ్?"

రుచిత ఫ్రీజర్ తలుపు పట్టుకొని అడిగేసరికి కమలాకర్ చేతిలోని మార్కర్ వెనక్కి దాచుకున్నాడు.

"అలవాటయింది. తాకా, అదే బట్ట చుట్ట, దింపంగనే దాని మీద మగ్గం నంబరేస్తం గద."

"ఇవి బట్టలు గావు, బఠాణీలు. తారీఖు రాయాలె."

అది రెండువేల ఇరవై ఒకటి జనవరి. మళ్ళీ లాక్‌డౌన్ పడుతుందన్న భయం మగ్గాల కార్మికులుండే కోసాడ్ క్వార్టర్లను ఇంకా వదల్లేదు. అగ్గువగా దొరికినప్పుడే కొని దాచుకుందామని రుచిత తల్లి లలితమ్మ పెద్ద సంచీ నిండా బఠాణీలు తెప్పించింది. పక్కింటి కమలాకర్‌కు ఫ్రిజ్ లేదు. సగం బఠాణీలు అతనివి, ఒలిచే పని మొత్తం అతనిదే!

"పద్నాలుగు నా మగ్గం. పదమూడు దాని జోడు. అది లాక్‌డౌన్ల ఆగింది, మళ్ల నడువలే. జోడు లేకుంటే పని మీద మనసు నిలుస్తలేదు," అన్నాడు కమలాకర్.

అతను చెప్పింది మగ్గాల గురించే. రుచిత చెవులు మాత్రం వేడెక్కాయి.

"ముచ్చట్లు చాలు. మిగిలినవి మసిలే నీళ్లల్ల రెండు నిమిషాలే ఉంచు. ఎంబడే సల్లనీళ్లల్ల ఎయ్యి. తడి ఆరకుంటే గడ్డ కడ్తయ్," అని గదమాయించింది.

ఏప్రిల్‌లో పద్నాలుగు కూడా ఆగిపోయింది. కమలాకర్ బ్యాగుతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఊరికి పోతున్న. నా ప్యాకెట్లు మీరే వండుకోండ్రి. ఎప్పుడొస్తనో ఏమో."

పోవద్దన్న మాట రుచిత గొంతుదాకా వచ్చింది. పని లేని మనిషిని, రోగం తిరుగుతున్న ఊళ్లో ఏ హక్కుతో ఆపుతుంది? "పైలం" అని ఊరుకుంది. అతను మెట్లు దిగాక తన మీద తనకే కోపం వచ్చింది.

ఎండలు ముదిరి కూరగాయలు పిరమయ్యాయి. ప్యాకెట్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. చివరిది లలితమ్మ తీయబోతే రుచిత అడ్డుపడింది.

"అది వద్దమ్మా."

"బఠాణీలే గదనే!"

"ఆయనవి."

లలితమ్మ కూతురి మొహం చూసి, పప్పు పొయ్యి మీద పెట్టింది.

జూలైలో, ముసురు పట్టిన ఓ సాయంత్రం, కమలాకర్ తడిసిన మాస్కుతో వచ్చాడు. బాగా చిక్కిపోయాడు.

"ఒక్క ఫోనన్న చేయకపోతివి?"

"చేసి ఏం చెప్పాలె రుచితా? పని దొరకందే నీకు ఏ మాటిస్త? మగ్గాలు మళ్ల నడుస్తున్నయని తెలిసే వచ్చిన."

రుచిత వెనక్కి తిరిగింది. ఫ్రీజర్ తెరిచి ఆ చివరి ప్యాకెట్ అతని చేతిలో పెట్టింది. అతను బొటనవేలితో మంచు తుడిచాడు. తను రాసిన పద్నాలుగు పక్కన, రుచిత దస్తూరీతో పదమూడు.

"ఇదెప్పుడు రాసినవ్?"

"నువ్వు పోయిన్నాడే. నోటితోని చెప్పలేకపోయిన."

"నేను గూడ చెప్పకనే పోయిన," అన్నాడతను. "రైలెక్కినంక తొవ్వంత అదే బాధ."

ఇద్దరూ కదల్లేదు. వంటింట్లోంచి లలితమ్మ కేకేసింది.

"జోడు కుదిరితే నాకు సంబురమే గని, ముందు ఆ ఫ్రిజ్ తలుపు పెట్టుండ్రి! ఆ బఠాణీలు ఇటు తేండ్రి, ముగ్గురికి వండుత."