చెయ్యి చాపి చదివిన నంబరు

చీమగారు కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. పేరున్న డిటెక్టివే గానీ, కుర్చీలో వేస్తే ముళ్లమీద కూర్చోబెట్టినట్టే. ఆ మధ్యాహ్నం ఒకావిడ వచ్చి బల్లమీద పాత బటన్ ఫోను పెట్టేసరికి మాత్రం ఠక్కున ఆగారు.

“మా అమ్మాయికి నెలలు నిండాయి బాబూ! నచ్చినవాణ్ణి చేసుకుందని వాళ్ల నాన్న గడప తొక్కనివ్వలేదు. ఆయనొచ్చి గొడవ చేస్తారని ఎక్కడుందో నాకూ చెప్పదు. రోజూ ఫోన్ చేసేది. ఈ ఫోను షాపుకెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. పురుడొచ్చిందో, ఏమైందో...”

“షాపుకెందుకిచ్చారు?”

“పాత కంపెనీ మూసేశారట. వేరే కంపెనీ సిమ్ము ఇందులో పనిచెయ్యదట. పనిచేసేలా చేయించమని మా అబ్బాయికిచ్చాను. తిరిగొచ్చాక చూస్తే అమ్మాయి పేరే లేదు. దాని నంబరు నాకు నోటికి రాదాయె!”

“మీ నంబరు అదేనా, మారిందా?”

“ఏమో బాబూ! నాకు నేనెప్పుడైనా ఫోన్ చేసుకున్నానా?”

పక్కనున్న చీమగారి సహాయకుడు నవ్వాపుకున్నాడు. చీమగారు అప్పటికే మెట్లు దిగుతున్నారు.

షాపులో మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. “వేరే సిమ్ము పనిచెయ్యాలంటే పాత కంపెనీ వేసిన లాక్ తియ్యాలి, తీస్తే ఫోన్లో పేర్లన్నీ పోతాయి సార్. వాళ్లబ్బాయి పొద్దున్న ఇచ్చి, పాత నంబరే ఉంచమన్నాడు. కాసేపటికి హెల్మెట్టుతో మళ్లీ వచ్చి, కొత్త నంబరు వెయ్యమని దగ్గరుండి చేయించుకుపోయాడు.”

“మొహం చూశావా?”

“హెల్మెట్టు తియ్యలేదు. బండి మాత్రం అదే. కావాల్సిన పేర్లు రాసుకోమంటే అక్కర్లేదన్నాడు. మళ్లీ ఫోను తీసుకుని, చెయ్యి బారజాపి చూస్తూ చాలాసేపు ఏదో గొణుక్కున్నాడు.”

“ఇంకేముంది, కొడుకే!” అన్నాడు సహాయకుడు.

“నీ తొందర తగలెయ్య! పద,” అన్నారు చీమగారు. ఆ మాటనే హక్కు ఆయనకెక్కడిదో మరి.

ఇంట్లో తల్లీ తండ్రీ కొడుకూ, వెంట తెచ్చిన మెకానిక్కూ హాల్లో చేరారు.

“నేను ఇవ్వడమే ఇచ్చాను,” అన్నాడు కొడుకు. “బండి ఇంటి దగ్గర పెట్టి మళ్లీ బయటికెళ్లా. తిరిగొచ్చేసరికి ఫోను టీవీ పక్కనుంది. అమ్మే తెచ్చుకుందనుకున్నా.”

“నేను నువ్వనుకున్నానురా!”

చీమగారు ఫోను కొడుక్కిచ్చి టైమెంతో చదవమన్నారు. అతను ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పాడు. తండ్రికిచ్చారు. ఆయన జేబు తడుముకుని, కళ్లజోడు దొరక్క, చెయ్యి బారజాపాడు.

“బండీ హెల్మెట్టూ మీవాడివే,” అన్నారు చీమగారు. “కళ్లజోడుంటే హెల్మెట్టు తలకెక్కదు. అందుకే షాపులోనూ అలాగే చదివారు. కదండీ?”

తండ్రి మొహం కందగడ్డయింది. “అవును, నేనే! నన్ను కాదని పోయిన పిల్లతో ఈవిడకేం మాటలు?”

“ఎంత పని చేశారండీ!” అంది తల్లి.

“మరి తుడిచేసే ముందు అంతసేపు ఏం చదివారు? ఏం గొణుక్కున్నారు?”

“దాని నంబరు... కంఠతా పట్టాను. బొత్తిగా పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు,” అన్నాడు.

ఎవరూ చెప్పకుండానే అంకెలు నొక్కాడు. ఆ పాత ఫోను గొంతు పెద్దది, గదంతా వినపడుతుంది. అవతల పసిబిడ్డ ఏడుపు. “ఎవరండీ?” అంది నీరసంగా ఓ గొంతు.

“నేనమ్మా... నాన్నని.”

కూతురు భయంభయంగా అడిగింది:

“నాన్నా, అమ్మ బతికే ఉందా?”