మోతీలాల్ దాచిన పసుపు

పసుపు పొట్లాన్ని కౌంటర్ మీద పెట్టింది నీలి.

"ఇందుల ఏం రంగు కలుపుతున్నవ్?"

మహబూబాబాద్ మార్కెట్ దగ్గర పసుపు, కారం పట్టే ఆ చిన్న గిర్నీ హన్మంత్‌ది. అతను తలెత్తాడు. ఎదురుగా వాన నీళ్లు కారుతున్న చున్నీ, నిద్రలేని కళ్లు.

"నీ ముందటనే పట్టి చూపియ్యాల్నా? ఇంతకు ఏమైంది?"

"మా బాపు మోతీలాల్‌కు చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నది. చేతుల మీద నల్ల మచ్చలు. ఇంట్ల కొత్తగ వచ్చింది నీ పసుపొక్కటే."

ఆమె తండ్రికి నిరుడు గుండెకు స్టెంట్ వేశారు. అప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా గోలీలు వేసుకుంటున్నాడు.

ఆ పేరు వినగానే హన్మంత్ ముఖం మారింది. "ఆయన వారానికి అర్ధకిలో కొంటడు. మీ ఇంట్ల ఎంతమంది?"

"ఇద్దరం. అర్ధకిలో మాకు మూడు నెలలొస్తది. అబద్ధం చెప్పకు."

"మరి మిగిలింది యాడికి పోతున్నది?"

తప్పించుకోవడానికే అలా అంటున్నాడనుకుంది నీలి. పొట్లాన్ని పరీక్షకు ల్యాబ్‌కు పంపింది. కానీ ఆ ప్రశ్న మాత్రం ఆమె ఉండే తండా దాకా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే వంటింట్లో చెంచా చప్పుడు. తొంగి చూస్తే, బాపు రెండు పెద్ద చెంచాల పసుపును పాలలో కలుపుకుంటున్నాడు.

"గుండెకు మంచిదని ఫోన్ల చూసి రోజుకు నాలుగుసార్లు తాగుతున్న," నసిగాడు. "గోలీలు బంద్ చెయ్యొచ్చనుకున్న. నీకు చెప్తె వద్దంటవ్."

దవాఖానలో డాక్టరమ్మ ఆ పాలు వెంటనే మానిపించింది. "కూరలో చిటికెడు వేస్తే ఏం కాదు. ఈ గోలీలు వేసుకుంటూ ఇంత పసుపు తాగితే రక్తస్రావం పెరగొచ్చు. గోలీలు మాత్రం ఆపొద్దు."

రెండు వారాల్లో మచ్చలు తగ్గాయి. ల్యాబ్ రిపోర్టూ వచ్చింది. కల్తీ లేదు.

నీలి దాన్ని హన్మంత్ ముందు పెట్టింది. "నీ మీద అనుమానంతోని పంపిన."

"మంచిగ చేసినవ్. గంత పసుపు ఎందుకని నేను గూడ ఒక్కసారి అడగకపోతి."

ఆ తర్వాత అతను ప్రతి ఆదివారం తండాకు రాసాగాడు, మోతీలాల్‌ను చూసి పోవడానికట. నాలుగో ఆదివారం నీలి గడపలోనే ఆపింది.

"బాపుకు నయమైంది. ఇంక ఎందుకొస్తున్నవ్? జర నిజం చెప్పు."

"నీకోసం."

ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "ఈ మాట ఇంకెవరికన్న చెప్పినవా?"

"మీ బాపుకు. పోయిన వారమే."

లోపల్నుంచి మోతీలాల్ దగ్గాడు. "నేను సరే అన్న బిడ్డా. నిన్ను అడగనీకె భయమైతున్నదని పిలగాడు పరేషాన్ అయితున్నడు."

నీలి నవ్వాపుకుంటూ పక్కకు జరిగి, అతనికి దారి ఇచ్చింది.