ఫిన్నీ బిర్యానీ వద్దన్నాడు

పటమట చర్చిలో కోత పండగ నాడు ఫిన్నీ బిర్యానీ వద్దన్నాడంటే ఎవరూ నమ్మలేదు. క్వయర్‌లో గిటారు వాయించే ఈ కుర్రవాడు ఆరాధనకు ఆలస్యంగా వస్తాడేమోగాని, భోజనాలకు ఎన్నడూ ఆలస్యం కాలేదు. సంఘపెద్ద జయపాల్ గారు తన కూతురు దీవెనను అతనికిచ్చే విషయం ఏడాదిగా తేల్చకపోవడానికి కారణం కూడా ఇదే. పిల్లవాడికి ఉద్యోగముంది, భక్తి లేదని ఆయన బాధ.

అలాంటి ఫిన్నీ ప్రహరీ పక్కన నిలబడి ఉత్త కొబ్బరినీళ్లు తాగుతున్నాడు.

అసలు సంగతి వేరు. మర్నాడు అతనికి కొలనోస్కోపీ. పెద్దపేగులోకి కెమెరా పంపి చూస్తారు కాబట్టి ముందురోజు అన్నం ముట్టకూడదు. సాయంత్రం మందు కలిపిన నీళ్లు తాగి కడుపు పూర్తిగా ఖాళీ చేసుకోవాలి. అతనికి రెండుసార్లు విరేచనంలో రక్తం పడింది. ఏమీ ఉండకపోవచ్చుగాని, మీ నాన్నగారు పోయింది పేగు కేన్సర్‌తో కాబట్టి ఒకసారి చూద్దామన్నాడు డాక్టరు. ఈ ముక్క ఫిన్నీ దీవెనకు చెప్పలేదు. ప్రేమించిన అమ్మాయితో మాట్లాడుకోవడానికి బ్యారేజీ మీద గాలి, రాబోయే వాన లాంటి కబుర్లుండగా పెద్దపేగు సంగతి ఎవడెత్తుతాడు? అదీగాక అతనికి భయంగా ఉంది.

జయపాల్ గారు దగ్గరికొచ్చి ఉపవాసమా అని అడిగారు. కాదండీ అన్నాడు ఫిన్నీ. ఆయన కళ్లు చెమర్చాయి. నిజంగా ఉపవాసమున్నవాడు నలుగురికీ చెప్పుకోడని ఆయన నమ్మకం. ఫిన్నీ ఎంత గట్టిగా కాదంటే ఆయనకు గురి అంత గట్టిగా కుదిరింది. ఎందుకోసమని అడగాల్సిన పని కూడా లేదు. ఏడాదిగా తన ఇంటి చుట్టూ తిరుగుతున్న కుర్రవాడు ఇంకెందుకోసం పస్తుంటాడు? కానుకగా వచ్చిన అరటిగెలల వేలంపాట ఆపించి, మైకు అందుకుని, దీవెనను ఫిన్నీకిస్తున్నట్టు సంఘమంతటికీ చెప్పేశారు. అందరూ చప్పట్లు కొట్టారు, దీవెన తప్ప. ఈ మనిషికి ఉపవాసమేమిటన్నట్టు అతన్నే చూస్తూ నిలబడింది.

సాయంత్రం ఇంటికి ప్రార్థనకు రమ్మన్నారాయన. కాదనే ధైర్యం లేక, మందు పనిచేయడానికి టైముందిలే అనుకుని, ఫిన్నీ మందునీళ్లు సగం తాగి వెళ్లాడు. మందుకు అతని పెళ్లితో నిమిత్తం లేదు.

జయపాల్ గారు అతని తలమీద చెయ్యిపెట్టి మొదలుపెట్టారు. సంఘంతో మొదలైన ప్రార్థన డెల్టా రైతుల మీదుగా, కాలువలకు నీళ్లు వదలాల్సిన అధికారుల దాకా వచ్చింది. పెళ్లి ఇంకా చాలా దూరంలో ఉంది. ఫిన్నీకి ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఇంతలో ఈ బిడ్డ ఉపవాసాన్ని అంగీకరించమని ఆయన వేడుకున్నారు. ఫిన్నీ ఇక కూర్చోలేకపోయాడు.

"ఉపవాసం కాదంకుల్. రేపు నాకు కొలనోస్కోపీ. మా నాన్నకొచ్చిందే నాకూ వచ్చిందేమో చూస్తారు. మీరు మాట వెనక్కి తీసుకున్నా ఏమీ అనుకోను. బాత్రూమ్ ఎటండీ?"

దీవెన చెయ్యెత్తి చూపించింది.

లోపల కూర్చుని ఫిన్నీ జన్మలో ఎప్పుడూ చేయనంత శ్రద్ధగా ప్రార్థించాడు. తర్వాత తలుపు అవతల నుంచి జయపాల్ గారి గొంతు వినిపించింది.

"మత్తిస్తారు కదా, ఇంటిమనిషి ఒకరుండాలి. పొద్దున్నే కారు తీస్తాను. దీవెన కూడా వస్తుంది."

మైకులో అన్న మాట ఎలా వెనక్కి తీసుకుంటానని గొణుక్కుంటూ ఆయన వెళ్లిపోయారు.

"నాకెందుకు చెప్పలేదు?" తలుపు దగ్గరికొచ్చి అడిగింది దీవెన.

"సిగ్గేసింది."

"అంతేనా?"

"భయమేసింది. ఏదైనా ఉందని తేలితే నువ్వు జాలిపడి ఉండిపోతావని."

"జాలి లేదు, ఒళ్లు మండిపోతోంది. బయటికి రా, చెప్తాను."

"ఇప్పుడప్పుడే రాలేను."

కుర్చీ లాగిన చప్పుడైంది.

"సరే, ఇక్కడే కూర్చుంటాను."